సీసపు ఓనమాలు

"అమ్మా, గిది తియ్యగున్నది."

మా చిన్నది ఆ మాట అన్నప్పుడు నేను వంటగదిలో చపాతీ పిండి కలుపుతున్నాను. సాయంత్రం ఆరు దాటింది. సూరత్ కోసాడ్‌లో మా బ్లాకుకు నీళ్ళు వదిలే వేళ, మెట్ల మీద బకెట్ల చప్పుడు. అది గడప మీద కూర్చొని బుగ్గలో ఏదో పెట్టుకొని చప్పరిస్తోంది. మూడున్నరేళ్ళ పిల్ల. పిప్పరమెంటు ఎవరిచ్చారే అంటూ వెనక్కి తిరిగాను. అది నవ్వి, నోట్లోదాన్ని పళ్ళ మధ్యకు తెచ్చి చూపించింది. పంటికి లోహం తగిలిన చప్పుడు వినిపించింది.

పిండి చేతి వేళ్ళు దాని నోట్లో పెట్టి బయటికి లాగాను. సీసపు అచ్చు అక్షరం. బండి ఱ. ఇప్పుడెవరూ వాడని అక్షరం కాబట్టి, ఏ ప్రెస్సులోనో చెక్కపెట్టె గడిలో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉండి, ఒళ్ళంతా తెల్లటి పొడి పట్టి ఉంది. ఒక పక్క మాత్రం పొడి లేదు. నున్నగా, తడిగా మెరుస్తోంది.

లోహాన్ని నోట్లో పెట్టుకోవడం కంటే, తియ్యగా ఉందన్న మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివాను. ప్రాక్టికల్స్‌లో మా మేడం ఒక రోజు లెడ్ ఎసిటేట్ సీసా ఎత్తి చూపించి, "పూర్వం దీన్ని సీసపు చక్కెర అనేవాళ్ళు, నిజంగానే తియ్యగా ఉండే విషం, మీరెవరూ రుచి చూసి రికార్డులో రాయకండమ్మా" అంది. క్లాసంతా నవ్వాం. పదేళ్ళు ఆ మాట నా తలలోకి రాలేదు. డిగ్రీ సర్టిఫికెట్‌లాగే అది కూడా ఎక్కడో అడుగున పడి ఉంది. ఆ సాయంత్రం పిండి చేతులతో నిలబడితే ఒక్కసారిగా వచ్చింది. నెల రోజులుగా దీనికి కడుపునొప్పి. అన్నం ముద్ద పెడితే ఉమ్మేస్తోంది. ఊరికే ఏడుస్తోంది. మొండితనం అనుకొని వారం కింద ఒక దెబ్బ కూడా వేశాను.

నోరు కడిగాను. మళ్ళీ కడిగాను. మూడోసారి అది గింజుకొని ఏడవసాగింది. ఏడుపు విని ఏడేళ్ళ మా పెద్దవాడు వచ్చి నిలబడ్డాడు.

"గది రోజూ చప్పరిస్తది మమ్మీ. తెల్లగున్నయి ఏరుకొని చప్పరిస్తది."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు అడగలే కదా."

ఆ అక్షరాలు మా ఇంట్లోకి ఎలా వచ్చాయో చెప్పాలి. మా ఆయన దోషిలా కనిపించే చోటు అదే. చాలా రోజులు నేను కూడా ఆయన్ని అక్కడే నిలబెట్టాను.

ఆయన జగిత్యాల వైపు నుంచి సూరత్‌కు లూమ్ పనికి వచ్చిన మనిషి. మగ్గాల మెకానిక్ అయ్యాడు. పాత మగ్గాలు తీసేసి కొత్త యంత్రాలు తెచ్చాక ఆ కార్ఖానాకు ఈయనతో పని లేకపోయింది. అప్పుడు కతార్‌గాంలో ఒక సేఠ్ దగ్గర చేరాడు. ఆ సేఠ్ మూతపడిన అచ్చు ప్రెస్సుల నుంచి పాత యంత్రాలు కొని, బాగు చేయించి అమ్ముతాడు. ముఖ్యంగా ప్రూఫ్ ప్రెస్సులు. పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు, తప్పులు దిద్దుకోవడానికి ఒక్క కాగితం తీసి చూసుకునే యంత్రం అది. పొడవాటి ఇనుప బల్ల మీద సీసపు అక్షరాలు పేర్చి సిరా పూస్తారు. చేత్తో పిడి తిప్పితే మంచం కోడు కంటే లావాటి సిలిండర్ కాగితాన్ని ఆ అక్షరాల మీదుగా నొక్కుకుంటూ పోతుంది. ఇప్పుడు వాటితో ఎవరూ ప్రూఫులు తీయరు. డిజైన్ కాలేజీల వాళ్ళు, అహ్మదాబాద్‌లో ఖరీదైన పెళ్ళి కార్డులు చేసేవాళ్ళు కొంటారు. గాజు గదిలో పెట్టి, వచ్చినవాళ్ళతో ఒకసారి పిడి తిప్పించి ఫోటోలు తీస్తారట.

మగ్గాన్ని చెవితో విని బాగు చేసే మనిషికి ఈ పని తొందరగా పట్టుబడింది. ఎండిపోయి రాయిలా బిగిసిన సిరాను కిరోసిన్‌లో నానబెట్టి గీకడం, సిలిండర్ నడిచే పట్టాల తుప్పు వదిలించడం, కాగితాన్ని పట్టుకునే చిన్న కొక్కేలకు స్ప్రింగులు మార్చడం, కరిగి జిగటైపోయిన రబ్బరు రోలర్లకు కొత్త తొడుగు వేయించడం. అన్నిటికంటే కష్టం చివరిది, ఒత్తిడి సమంగా పడేట్టు చేయడం. బల్ల మీద అక్షరాలు బిగించి ఒక కాగితం తీస్తాడు. ఒక మూల లేతగా వస్తే సిలిండర్‌కు చుట్టిన కాగితాల కింద సిగరెట్ కాగితమంత పల్చటి ముక్క ఒకటి చేర్చి మళ్ళీ తీస్తాడు. ఒక్కో యంత్రానికి యాభై అరవై కాగితాలు. సమంగా వచ్చిన ఆఖరి కాగితాన్ని మడతపెట్టకుండా ఇంటికి తెచ్చి నాకు చూపించేవాడు. నాకా భాష చదవ రాదు, మరాఠీయో గుజరాతీయో. "చదువుడు కాదు, వెనుకకు తిప్పి చెయ్యి పెట్టి సూడు, అన్ని చోట్ల ఒక్కతీర్గ ఉన్నదా" అనేవాడు. నేను వేళ్ళతో తడిమి ఉందనేదాన్ని. ఆ వేళ్ళతోనే అన్నం కలిపి పిల్లలకు పెట్టేదాన్ని.

ఒక రోజు తెచ్చిన కాగితం మీద తెలుగు ఉంది. ఎవరిదో పెళ్ళి, పెద్దలు కుదిర్చిన ముహూర్తం, విందు ఆరగించి వధూవరులను ఆశీర్వదించమని. అది నిలబడే రెండుసార్లు చదివాను. ఒకప్పుడు ఇక్కడి మన నేత పనివాళ్ళ కోసం ఒక చిన్న ప్రెస్సు తెలుగులో పెళ్ళి కార్డులు వేసేదట. దాని యజమాని పోయాక కొడుకులు అంతా కలిపి సేఠ్‌కు అమ్మేశారు.

"అచ్చులు గూడ ఉన్నయా?" అని అడిగాను.

"రెండు పెట్టెలున్నయి. ఎవడు కొంటడు? సేఠ్ కరగబెట్టే వాళ్ళకు ఇస్తడట."

"ఒక పెట్టె తీసుకరా. పిల్లలకు మన అక్షరాలు వస్తయి."

"సీసం గది. బరువుంటది. ఇంట్ల ఏడ పెడుతవ్?"

"నీకు పిల్లల చదువు పట్టది. వీడు గుజరాతీ చదువుతడు, హిందీ చదువుతడు, ఇంగ్లీషు చదువుతడు. మొన్న మా తమ్ముని పెండ్లి కార్డు తలకిందులు పట్టుకొని సూసిండు. నీకు సిగ్గనిపించలేదా?"

ఆయనకు సిగ్గనిపించింది. తెల్లారి సేఠ్‌ను అడిగి, అరువు టెంపోలో ఆ పెట్టె తెచ్చాడు. మూడో అంతస్తు దాకా భుజం మీద మోశాడు. అది మంచం కింద పెట్టాం. అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉండే అక్షరాలు పిల్లలకు ఆటయ్యాయి. పెద్దవాడు అద్దం ముందు పెట్టి ఒక్కొక్కటి చదివేవాడు. రెండు నెలల్లో వాడు తన పేరు రాశాడు, చెల్లెలి పేరు రాశాడు. నేను వీడియో తీసి మా అమ్మకు పంపించాను. మా అమ్మ దాన్ని వాడకట్టంతా చూపించిందట. అంత గర్వం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా లేదు.

చిన్నది ఆ అక్షరాన్ని చప్పరించిన సాయంత్రమే ఆ పెట్టెను మంచం కింద నుంచి లాగి బయట వరండాలో పెట్టాను. మా ఆయన పని నుంచి వచ్చేసరికి దాని పక్కన నిలబడి ఉన్నాను.

"లోపలికి రాకు. బట్టలు ఆడనే ఇడువు."

"ఏందే? ఏమైంది?"

చెప్పాను. ముందు నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. "సేఠ్ నలభై ఏండ్ల సంది గా అచ్చుల మధ్యనే కూసుంటడు. ఆయనకేమైంది?" అన్నాడు. పెట్టెల్లో దుమ్మును ఎలా వదిలిస్తావని అడిగాను. గాలి పైపు పెట్టి ఊదుతానని చెప్పాడు. మూతికి ఏం కట్టుకుంటావు? ఏమీ లేదు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి మెషిన్‌లో వేసేది నేనే. ఇంటికి రాగానే చిన్నది ఎగిరి ఆయన భుజం మీదికెక్కి మెడలో ముఖం పెట్టుకునేది. ఇవన్నీ నేను గట్టిగా అంటుంటే పై అంతస్తులో ఉండే నిజామాబాద్ అక్క మెట్ల మీది నుంచి వంగి చూసింది. ఆయన వరండాలో చొక్కా విప్పి, లుంగీ అందుకొని, కిందికి కుళాయి దగ్గరికి పోయాడు. తెల్లారి ఆ పెట్టెను మోసుకుపోయి సేఠ్‌కు తిరిగి ఇచ్చేశాడు.

పిల్లను అప్పటికే వీధి చివరి క్లినిక్‌లో రెండుసార్లు చూపించాను. అక్కడి డాక్టరు మట్టి తింటుందా అని అడిగి, నులిపురుగుల మందు, రక్తం పట్టే టానిక్ రాశాడు. ఈసారి వంతెన దాటి పిల్లల పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. నా వయసే ఉంటుంది ఆమెకు. బండి ఱను ప్లాస్టిక్ సంచిలో కట్టి తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని సంచి తీయకుండా తిప్పి చూసి, "ఇది పుస్తకంలో చదివాను, పేషెంటును చూడటం మొదటిసారి" అని హిందీలో ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు వల్లే ఆమె మీద నమ్మకం కుదిరింది. చిన్నదానికి, పెద్దవాడికి, వాళ్ళ నాన్నకు, ముగ్గురికీ రక్తం తీయించింది. ఆ పరీక్ష ఇక్కడ చేయరు, ముంబై పంపాలి, వారం పడుతుందని చెప్పింది.

ఆ వారం ఇల్లు ఎన్నిసార్లు తుడిచానో లెక్క లేదు. చీపురు వేస్తే దుమ్ము లేస్తుందని తడిగుడ్డతో మోకాళ్ళ మీద తుడిచాను. పరుపు దుప్పట్లు పారేశాను. మా ఆయన కార్ఖానాలోనే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకొని రావాలని పెట్టాను. వచ్చాక కూడా పిల్లలు ముట్టుకోకూడదు. ఎందుకని పెద్దవాడు అడిగితే, "పప్పా పనిల జహర్ ఉంటది, ఇషం. అది ఒంటికి అంటుకొని వస్తది" అన్నాను. ఏడేళ్ళవాడితో అనాల్సిన మాట కాదది. ఆ సంగతి అన్నప్పుడే తెలుసు. అయినా అన్నాను. చిన్నదానికి అర్థం కాలేదు. సాయంత్రం అయ్యేసరికి తలుపు దగ్గర చేతులు చాపి నిలబడేది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, "రేపు బిడ్డా, రేపు ఎత్తుకుంట" అంటూ గోడ వారగా లోపలికి పోయేవాడు.

వారం తర్వాత డాక్టరు మూడు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. అంకెల పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువని అర్థం. మూడింటికీ నక్షత్రం ఉంది. పెద్దవాడిది కొంచెమే ఎక్కువ. వాళ్ళ నాన్నది ఇంకొంచెం. చిన్నదాని అంకె వాళ్ళ నాన్న అంకెకు రెట్టింపు దాటింది.

డాక్టరు పెన్ను మూతతో బల్ల మీద కొడుతూ ఆలోచించింది. "చిన్న పిల్లల ఒంటికి ఎక్కువ పడుతుంది, నిజమే. ఆమె చప్పరించింది, అదీ నిజమే. కానీ అదొక్కటే ఇంత చేస్తుందా అని నాకు అనుమానం. ఇంట్లో ఈమె ఒక్కతే తినేది ఏదైనా ఉందా? మసాలా, మందు, కాటుక, వేరే గిన్నె?"

"లేదు" అన్నాను. "మేం తినేదే తింటుంది."

ఆ మాట నోటి నుంచి వస్తుండగానే నాకు చిన్న స్టీలు డబ్బా కళ్ళ ముందుకు వచ్చింది.

వసంత పంచమి నాడు చిన్నదానికి అక్షరాభ్యాసం చేశాం. మా వైపు వాళ్ళు బాసర తీసుకుపోయి చేయిస్తారు. పెద్దవాడికి అక్కడే చేయించాం. ఈసారి మా ఆయనకు సెలవు దొరకలేదు. ఇంట్లోనే చేద్దామన్నాను. పళ్ళెంలో బియ్యం పోసి, దాని వేలు పట్టుకొని ఓం నమః శివాయ రాయించాలి. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇంట్లో అమ్మవారి అక్షరాలే ఉన్నాయి కదా అనిపించింది. పెట్టెలోంచి బొటనవేలంత పెద్ద అచ్చులు ఆరు ఏరాను. ఓం, న, మః, శి, వా, య. నల్లగా, మసిగా ఉన్నాయి. దేవుడి ఇత్తడి సామాను ఎలా తోముతామో అలాగే, చింతపండు నానబెట్టి, ఆ పులుసులో రాత్రంతా ఉంచి, పొద్దున పీచుతో తోమాను. వెండిలా తళతళలాడాయి. తడి ఆరకముందే బియ్యంలో గుచ్చి వరుసగా నిలబెట్టాను. పసుపు, కుంకుమ, పూలు పెట్టాను. సాయంత్రం దాకా అలాగే ఉంచాను. తీసినప్పుడు వాటి అడుగున బియ్యం కాస్త బూడిద రంగు తిరిగింది. సిరా అనుకున్నాను.

కెమిస్ట్రీ చదివినదాన్ని. పులుపు తగిలితే సీసం కరిగి విషపు లవణం అవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ ఆ పొద్దున నా చేతుల్లో ఉన్నది లోహం అని నాకు తోచలేదు. దేవుడి సామాను తోముతున్నాను, అంతే.

పూజ బియ్యం పారేయకూడదు. చారెడు తీసి ఆ రోజే బెల్లం పరమాన్నం వండాను. మిగతా బియ్యం మా బియ్యంలో కలపకుండా చిన్న స్టీలు డబ్బాలో పోసి, దాని మూత మీద బొట్టు పెట్టాను. చదువుల తల్లి ముందు పెట్టిన బియ్యం, చిన్నదే తినాలి, దానికే చదువు అబ్బాలి. ప్రతి రోజూ మధ్యాహ్నం గుప్పెడు తీసి, పప్పు వేసి, మెత్తగా వండి పెట్టాను. మొదట్లో తినేది. తర్వాత ఉమ్మేయడం మొదలుపెట్టింది. ఒక రోజు తినకపోతే కొట్టానని చెప్పాను కదా. ఈ అన్నం కోసమే కొట్టాను.

ఇంటికి వచ్చి డబ్బా మూత తీశాను. అడుగున రెండు గుప్పెళ్ళు ఉంది. ఎక్కడ పారేయాలో తెలియలేదు. కింద పోస్తే పావురాలు తింటాయి. కవర్లో కట్టి, ఇంకో కవర్లో కట్టి, అటక మీద పెట్టాను. మా ఆయనకు చెప్పలేదు.

తొమ్మిది రోజులు చెప్పలేదు. రేపు చెప్తాననుకుంటూ ప్రతి రోజూ ఇంకేదో పని కల్పించుకున్నాను. ఆయన తన తప్పే అనుకున్నాడు. రిపోర్టు చూసి, చిన్నదాని అంకె మీద వేలు పెట్టి, "నా ఒంటి మీదికెల్లి గింత పోయిందా దీనికి?" అన్నాడు. నేను గిన్నెలు సర్దుతున్నాను. సర్దుతూనే ఉన్నాను. ఆ రోజు నుంచి ఆయన లోపల పడుకోలేదు. వరండాలో చాప వేసుకున్నాడు. కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. నేను చెప్పలేదు ఆ పని చేయమని. వద్దని కూడా అనలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన పిల్లలకు రెండు చాక్లెట్లు తెచ్చాడు. పెద్దవాడికి చేయి చాపాడు.

"వద్దు" అన్నాడు వాడు, వెనక్కి జరిగి. "నీ చేతికి జహర్ ఉంటది."

"కడుక్కున్న రా. సబ్బు పెట్టి కడుక్కున్న. వాసన సూడు."

"నక్కో. చెల్లెకు నీతోనే బీమార్ అయింది."

ఆయన ఆ చాక్లెట్లను గడప లోపల నేల మీద పెట్టి, మెట్లు దిగి పోయాడు. వాడు వాటిని కాగితంతో పట్టుకొని తీసుకుపోయి చెత్తబుట్టలో వేశాడు. నేను నేర్పినట్టే, జాగ్రత్తగా.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలను పై అంతస్తు అక్క దగ్గర వదిలి కతార్‌గాం పోయాను. ఆ కార్ఖానా లోపలికి నేను పోవడం అదే మొదలు. రేకుల షెడ్డు, కిరోసిన్ వాసన. సేఠ్ గల్లాపెట్టె దగ్గర కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, "ఆవో బెహన్, ఊరికే భయపడుతున్నావు, ముఝే దేఖో" అని ఛాతీ మీద చేయి వేసుకున్నాడు. ఆయన్ని దాటుకొని లోపలికి పోయాను.

మా ఆయన తెలుగు అచ్చులతో వచ్చిన ప్రూఫ్ ప్రెస్సు దగ్గరే ఉన్నాడు. దాని ఇనుమంతా నల్లగా కొత్తదానిలా మెరుస్తోంది. రోలర్ల ఎత్తు సరిచూస్తున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఉన్నాడు, చేతులకు తొడుగులు. ఇన్నాళ్ళూ ఏ రోజూ కట్టుకోనివి, ఇప్పుడు తనంతట తానే కట్టుకున్నాడు.

"దవాఖాన నుంచి ఫోనొచ్చిందా?" అన్నాడు నన్ను చూడగానే. ముఖం పాలిపోయింది.

"రాలేదు. నేనే ఒకటి చెప్దామని వచ్చిన."

చెప్పాను. చింతపండు దగ్గర మొదలుపెట్టి, డబ్బా దాకా. మధ్యలో ఆయన చేయి పిడి మీద ఉంది. దాన్ని ఒకసారి తిప్పాడు. సిలిండర్ ఆ చివరి దాకా పోయి ఆగింది. బల్ల మీద అక్షరాలూ లేవు, కాగితమూ లేదు.

"ఎప్పుడు ఎర్కైంది నీకు?"

"రిపోర్టు వచ్చిన్నాడు. డాక్టరమ్మ అడిగినప్పుడే."

"తొమ్మిది రోజులాయె." లెక్కపెట్టుకున్నట్టు అన్నాడు. "తొమ్మిది రోజులు నన్ను గడప అవతల కుక్క లెక్క పండబెట్టినవ్. పిలగాడు నన్ను సూసి ఎనుకకు జరుగుతుంటే సూసుకుంట నిలబడ్డవ్."

"తప్పైంది."

"తప్పు బియ్యంది కాదే. గది ఎవ్వలకు తెల్వది. నేను తేకపోతే నువ్వు తోముదువా? గది ఇద్దరిది." ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "తొమ్మిది రోజులు మాత్రం నీదే."

ఏడిస్తే ఆయన మెత్తబడతాడని నాకు తెలుసు. అందుకే ఏడవలేదు. అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేశాను. దాచినందుకు ఆమె ఏమీ అనలేదు. ఆ బియ్యం ఇప్పుడు తినడం లేదు కదా అని రెండుసార్లు అడిగింది. మిగిలింది తెచ్చి ఇమ్మంది. మూలం తెలిసింది కాబట్టి అంకె తగ్గుతుంది, ఆకుకూరలు, పాలు, టానిక్ మానొద్దు, నెల తర్వాత మళ్ళీ పరీక్ష అని చెప్పింది. అంతవరకు జరిగిన నష్టం సంగతి అడిగాను. ఏమైనా పోయిందో లేదో, పోతే ఎంత పోయిందో చెప్పే పరీక్ష లేదని చెప్పింది. మామూలుగా పెంచండి అంది.

మామూలుగా ఎలా పెంచాలో నాకు తెలియడం లేదు. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను, ఇంకా తెలియలేదు. అది ఒక మాట మర్చిపోతే చేస్తున్న పని ఆపేస్తాను. అంకెలు తప్పు చెబితే, చెప్పు ఎడమ కుడి మార్చి వేసుకుంటే, ఇది మూడేళ్ళ పిల్లలందరూ చేసేదేనా, నేను చేసిందా అని చూస్తాను. రేపు బడికి పోతుంది. ఏదో ఒక సబ్జెక్టులో మార్కులు తక్కువ వస్తాయి, అందరికీ వచ్చినట్టే. అప్పుడు కూడా నాకు ఆ బూడిద రంగు బియ్యమే కనబడుతుంది. అది తెలివైన పిల్ల అయితే, ఇంకెంత తెలివైనదై ఉండేదో అనుకుంటాను. దీనికి చివర లేదు. సూరత్‌లో పుట్టి పెరుగుతున్న పిల్లకు తన భాష రావాలనుకున్నాను. ఆ కోరికను ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతోంది.

ఆ రోజు కార్ఖానా నుంచి వచ్చేస్తుంటే ఆయన వెనక నుంచి అన్నాడు. "పిలగానికి నువ్వే చెప్పాలె. నేను చెప్ప. చెప్పేదాంక నేను లోపలికి రాను."

ఆ సాయంత్రం కూడా ఆయన వరండాలోనే చాప వేసుకున్నాడు.

తెల్లారి బడికి తయారైన పెద్దవాణ్ణి, పాలు తాగుతున్న చిన్నదాన్ని వంటగదిలో నా ఎదురుగా కూర్చోబెట్టాను. తలుపు తీసి ఉంచాను, ఆయనకు వినబడాలని.

"చెల్లెకు కడుపునొప్పి వచ్చింది పప్పాను ముట్టుకున్నందుకు కాదు" అన్నాను. "పూజ నాడు ఆ అచ్చులను చింతపండు నీళ్ళల్ల కడిగి బియ్యంల పెట్టింది నేను. ఆ బియ్యం వండి దీనికి రోజూ పెట్టింది నేను. నాకు తెల్వక పెట్టిన. కానీ తెలిసినంక గూడ పప్పా పేరు చెప్పుకుంట ఊకున్న. అది తెలిసి చేసిన. పప్పా స్నానం చేసి వచ్చినంక మీరు ముట్టుకోవచ్చు. ఇయ్యాల్టి నుంచి ముట్టుకోవచ్చు."

పెద్దవాడు నన్ను చూశాడు. తర్వాత వాడి ముందున్న చపాతీని చూశాడు. దాన్ని ముట్టుకోలేదు.

"మరి నువ్వు వండింది తినొచ్చా మమ్మీ?"

"తినే ముందు అడుగు" అన్నాను. "ఇందుల ఏమేసినవ్ అని రోజూ అడుగు. కోపం చేయ. ఏమేసిననో అన్నీ చెప్త."